బూజు పట్టని మన్ను

మామిడి తొక్కు జాడీలో బూజు కనిపిస్తే మా అమ్మ ముందు జాడీలోకి చూసేది కాదు, మా ముఖాల్లోకి చూసేది. మేం అక్కచెల్లెళ్లం ముగ్గురం. ఆ నెలలో బయట కూర్చున్నది ఎవరు, కూర్చున్నప్పుడు వంటింటి వైపు వచ్చింది ఎవరు, జాడీ మీద చేయి వేసింది ఎవరు అని వరుసగా నిలబెట్టి అడిగేది. నెలసరి రోజుల్లో ఆడదాని చేయి తగిలితే తొక్కు బూజు పడుతుందని ఆ రోజుల్లో అందరిళ్లలోనూ నమ్మకమే. మా ఇంట్లో అది కొంచెం ఎక్కువ పాళ్లలో ఉండేది. తప్పు ఎవరూ ఒప్పుకోకపోతే ముగ్గురికీ తొక్కు బంద్.

మా ఇల్లు కామారెడ్డి స్టేషనుకు దగ్గర. రైలు వెళ్లినప్పుడల్లా ఆరేసిన బట్టల మీద మసి రాలేది. ఆ మసితో యుద్ధం చేసీ చేసీ అమ్మకు శుభ్రం ఒక పంతమైపోయింది. బూజు పట్టిన జాడీని మసిలే నీళ్లతో కడిగి, లోపల సున్నం పూసి, రోహిణి ఎండలో బోర్లించేది. మూడో రోజుకు జాడీ కొత్త పెళ్లికూతురిలా మెరిసేది. శుభ్రం అంటే నాకు తెలిసింది అంతే. ఆ తెలివితోనే కాపురానికి వెళ్లాను.

అత్తగారి ఊరు ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. తెల్లవారుజామున కచ్చడం బండి కడితే పొద్దుగూకే వేళకు చేరేవాళ్లం. అవి ముప్పైల చివరి సంవత్సరాలు. నాకు పద్దెనిమిది నిండాయి. శ్రావణమాసంలో దిగాను కాబట్టి ఊరంతా నాటేసిన పొలాల బురద వాసన. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను. అత్తమ్మ అది చూసి, పట్నం పిల్లను తెచ్చుకున్నాం, ఇక బురదను అత్తరుతో కడగాలి అని నవ్వింది. రైలు ఆగుతుంది కాబట్టి వాళ్ల లెక్కలో కామారెడ్డి పట్నమే. నాకు మాత్రం ఆ నవ్వు గుచ్చుకుంది. నేను చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం మనిషిని.

ఆ ఇంట్లో వరి మామది, మా ఆయనది. పసుపు అత్తమ్మది. ఇంటి వెనుక మోటబావి కింద నాలుగు మడులు, చుట్టూ ఆముదం చెట్లు, నడుమ నీడ కోసం మక్కజొన్న. ఆ మడుల్లోకి మగవాళ్లు అడుగుపెట్టాలంటే ఆమెను అడగాల్సిందే. మామ కూడా నీళ్లు మళ్లించడానికి వెళ్లి గట్టు మీదే నిలబడేవాడు. ఊళ్లో ఏ పిల్లకు పెళ్లి కుదిరినా నలుగు పసుపు మా ఇంటి నుంచే వెళ్లాలని ఒక రివాజు ఉండేది. దానికి ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

ఆ పసుపు విత్తనం ఆమె పుట్టింటిది. పెళ్లయి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఒక గంపెడు దుంపలు బండిలో పెట్టిందట. తర్వాత నిజాంసాగర్ కట్టారు, ఆమె పుట్టిన ఊరు నీళ్ల కింద పోయింది. వాళ్లవాళ్లు తలా ఒక దిక్కు వెళ్లారు. ఇల్లు లేదు, వీధి లేదు, మడి లేదు. ఆ ఊరిదంటూ ఈ భూమ్మీద ఇంకా ప్రాణంతో మిగిలింది ఈ నాలుగు మడుల్లోనే. ఆమె ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. దుంపలు విరుస్తూ, లోపలి ఎర్రటి పసుపు నాకు చూపిస్తూ చెప్పింది.

మొదటి ఏడు పసుపు ఉడకబెట్టిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకు ఆ వాసన తగులుతుంది. పెరట్లో పొయ్యి తవ్వి పెద్ద కాగు ఎక్కించేవాళ్లం. దుంపల మీద పసుపాకులు కప్పితే పొగలోనే ఒక తియ్యటి ఘాటు లేచేది. పది రోజుల వరకు గోళ్లు, మడమలు, మా ఆయన అంగీ మెడపట్టీ, అన్నీ పచ్చగానే. నన్ను చూడవచ్చిన అమ్మ నా చేతులు చూసి, సబ్బు లేదా మీ ఇంట్లో అని అడిగింది. అత్తమ్మ ఏమీ అనకుండా అమ్మ కొంగులో నాలుగు కొమ్ములు వేసి ముడి వేసింది. అంత మంచి రోజులు నేను మళ్లీ చూడలేదంటే అబద్ధం కాదు.

చుట్టుపక్కల పసుపు వేసినవాళ్లకు దుంపకుళ్లు ఏటేటా తప్పేది కాదు. అత్తమ్మ మడుల్లో ఎప్పుడో ఒకటి రెండు మొక్కలు తప్ప కుళ్లేవి కావు. అందుకు ఆమె చేసే పని ఒకటుంది. చైత్రం దాటాక పోచారం వైపు అడవి అంచుకు వెళ్లి, మోదుగ, మద్ది చెట్ల మొదట్లో రాలిన ఆకుల కింద ఉండే నల్ల మన్ను రెండు గంపలు గీకి తెచ్చేది. ఆ మన్నులో తెల్లటి సన్నటి పోగులు ఉండాలి. పోగులు లేకపోతే ఇంకో చెట్టు. ఒకసారి, చెట్లకు సర్కారు ముద్ర కొట్టే జంగ్లాత్ జవాను అడ్డుపడి గంపలో ఏముందని గద్దిస్తే, మన్ను మీద గూడ సర్కారు మొహరు ఉన్నదా అన్నా అని అడిగిందట. అతను నవ్వాపుకోలేక దారి ఇచ్చాడట.

ఆ మన్నును మాగిన పశువుల ఎరువుతో కలిపి, వెనుక పంచలో నీడన కుప్ప పోసి, తడి గోనె కప్పేది. కిందటి ఏడు కుప్పలోంచి ఒక చిన్న గంప దాచి, అది కూడా అందులో కలిపేది. "పాలకు తోడు పెట్టినట్టే మన్నుకు గూడ తోడు పెట్టాలె" అనేది. వానలు పడ్డాక, విత్తనం పెట్టే ప్రతి గుంటలో ఈ మన్ను ఒక పిడికెడు వేసి దాని మీద దుంప పెట్టాలి. నేను కాపురానికి వచ్చింది నాట్లు అయిపోయాక కాబట్టి, ఇదంతా మొదటిసారి కళ్లారా చూసింది ఆ మరుసటి ఎండాకాలంలోనే. అదీ సగమే చూశాను. మన్ను కలిపిన రోజు వంట నా మీద పడి పంచ వైపు వెళ్లలేదు, తర్వాతి పనీ చూడనేలేదు.

ఎందుకంటే, కుప్ప పోసిన నాలుగో రోజునే భిక్నూర్ నుంచి కబురు వచ్చింది. ఆడబిడ్డకు మూడో కాన్పు, అక్కడ చేసేవాళ్లు లేరు. అత్తమ్మ బండి కట్టించుకుంటూ నాకు రెండే మాటలు చెప్పింది. రోజూ పొద్దూకాక కుప్ప మీద నీళ్లు చిలకరించు, గోనె తీయకు. ఎందుకు తీయకూడదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆమె వెళ్లిన రెండు వారాలకు నేను బయట కూర్చున్నాను. కూర్చోవడమంటే ఆ ఇంట్లో వెనుక పంచలోనే, ఆ కుప్ప పక్కనే. పక్కింటి పిన్ని మగవాళ్లకు వండిపెట్టి, నాకు దూరం నుంచి కంచం జరిపేది. కుప్ప మీద నీళ్లు చిలకరించమని ఆమెకు చెబుదామనుకుని మరిచిపోయి, మొదటి రోజు నేనే చేత్తో చిలకరించాను. చిలకరించాక గుర్తొచ్చింది. రెండో రోజంతా దాని వైపు చూడకుండా కూర్చున్నాను. మూడో రోజు ఉండబట్టలేక గోనె అంచు ఎత్తాను.

కుప్పంతా తెల్లటి బూజు. దాని మీద అక్కడక్కడా ఆకుపచ్చటి పొడి, చేయి పెడితే అంటుకునేలా. వచ్చే ఏటి తోడుకని పక్కన తీసి దాచిన చిన్న గంపలోనూ అదే. మా అమ్మ జాడీలో కనిపించే బూజే, కాకపోతే పదింతలు. నా చేయి తగిలి మూడు రోజులు కాకముందే అత్తమ్మ పుట్టింటి పసుపుకు పెట్టుకున్న మన్ను పాడైందని నమ్మాను. ఇందులో నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. చిన్నప్పటి నుంచి విన్నది నిజమేనని కళ్ల ముందు సాక్ష్యం కనిపిస్తుంటే అనుమానం ఎందుకు వస్తుంది?

నాలుగో రోజు తలస్నానం చేసి, మామా మా ఆయనా పొలానికి వెళ్లిన తర్వాత, పసుపు కాగే ఎక్కించాను. కుప్పను బండ మీద పరిచి మసిలే నీళ్లు పోశాను. సున్నం నీళ్లు చల్లాను. తోడు గంపనూ వదల్లేదు. రెండు రోజులు రోహిణి ఎండలో తిరగేసి ఆరబెట్టి, జల్లెడ పట్టి, మళ్లీ కుప్ప పోసి గోనె కప్పాను. మన్ను బూడిదలా తేలిగ్గా, ఏ వాసనా లేకుండా తయారైంది. అమ్మ చూస్తే మెచ్చుకునేదనుకున్నాను. పిన్ని అడిగితే ఎలుకలు దూరాయని చెప్పాను.

అత్తమ్మ తొలకరి పడిన మర్నాడు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, పురుడు రోజులు ఇంకా కొన్ని ఉన్నాయి, అయినా విత్తనానికి అదను తప్పుతుందని ఆగలేక బయలుదేరింది. బండి దిగి కాళ్లు కూడా కడుక్కోకుండా పంచలోకి వెళ్లి గోనె ఎత్తింది. పిడికెడు మన్ను తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఈయేడు బూజు పట్టలేదేంది?" అంది.

నేను నీళ్ల చెంబుతో వెనుక నిలబడి ఉన్నాను. బూజు పట్టాల్సిందేనని, పట్టడం కోసమే ఆ గోనె అని, నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. అప్పుడు చెప్పి ఉంటే ఆమె అడవికి పరుగెత్తి ఉండేది, ఒక వారం ఆలస్యమైనా ఏదో ఒకటి చేసి ఉండేది. నా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఎండలు బాగ కొట్టినయి అత్తమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. పిల్లా, తల్లీ క్షేమమని, పిల్లకు తన ముక్కే వచ్చిందని చెప్పుకుంటూ కాళ్లు కడుక్కుంది. రెండు రోజుల్లో నాలుగు మడులూ పెట్టేశాం. గుంట గుంటకూ నా చేత్తోనే ఆ చచ్చిన మన్ను పిడికెడు వేశాను.

మొక్కలు బాగానే మొలిచాయి. నేను దేవుడికి కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాను. కానీ ఆ ఏడు శ్రావణం ఎడతెరిపి లేని ముసురు. ఒకరోజు బావి వైపు మడిలో రెండు మొక్కల ఆకులు అంచుల్లో పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. అత్తమ్మ ఒకదాన్ని అలా పట్టుకుందో లేదో మొదలు మెత్తగా ఊడి చేతికి వచ్చింది. దుంప తవ్వి చూస్తే లోపల గోధుమరంగు గుజ్జు, కంపు. మూడు వారాల్లో మూడు మడులు ఖాళీ అయ్యాయి. కుళ్లిన మొక్కలను దూరంగా తీసుకెళ్లి కాలబెట్టాం, కాల్వలు తీశాం, ఏదీ ఆగలేదు. ప్రతి రోజూ పొద్దున నేను ఆమె వెనకాలే నడిచి గంప పట్టుకునేదాన్ని. ఆమె పీకేది, నేను గంపలో వేసేదాన్ని. ఆ రోజుల్లో నేను తిన్న అన్నం నాకు ఒంటబట్టలేదు.

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది. పురుడు ఇంటి నుంచి తలమీద నీళ్లు పోసుకోకుండా వచ్చి మన్నును ముట్టుకున్నానని, ఆ మైలే పసుపును తిన్నదని తనకు తానే తీర్పు చెప్పుకుంది. ఊళ్లో ఇంకొందరు దానికి ఇంకో కొస తగిలించారు. ఆ పిల్ల పుట్టిన గడియ మంచిది కాదన్నారు. నెల తర్వాత భిక్నూర్ నుంచి, పిల్లను ఊయలలో వేసే తొట్టెల పండుగకు కబురు వస్తే అత్తమ్మ రానని చెప్పి పంపింది. మామ అన్నం తింటుంటే అతనితో అంది.

"ఇగ నా చెయ్యి పసుపు మీద పడద్దు. వచ్చే ఏడు వరే పెట్టున్రి."

మామ ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ మనిషి ఆమెకు ఎదురు చెప్పడం నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు ఆమె మిగిలిన నాలుగో మడి గట్టు మీద ఊరికే కూర్చుని ఉంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడి మొత్తం చెప్పేశాను. తొక్కు జాడీ నుంచి మొదలుపెట్టి సున్నం దాకా. మధ్యలో ఏడుపు వచ్చింది కానీ ఆపలేదు, ఆపితే మళ్లీ అబద్ధం ఆడతానని భయం.

"మసిలే నీళ్లు పోసినవా?" అని అడిగింది.

"పోసిన."

"తోడుకు దాసిన గంపల గూడనా?"

"దాంట్ల గూడ."

ఆముదపు ఆకు ఒకటి తెంపి చిన్న చిన్న ముక్కలు చేసింది. తర్వాత తల ఎత్తింది.

"ఇరవై ఏండ్ల సంది గా పంచల, బయట కూసున్నప్పుడే నేను దాన్ని కలుపుతున్న పిల్లా. ఇంట్ల ఏ పనీ ముట్టనియ్యరు. చేతులు ఊకుంటయా? మన్నుకేం మైల?"

ఇరవై ఏళ్లుగా ఆ పసుపును కాపాడిన మన్ను, ఎవరూ ముట్టుకోని ఒక ఆడమనిషి ముట్టుకున్న మన్నే. తన నెలసరికి అంటని మైల మనవరాలి పురుడుకు ఎలా అంటిందని నేను అడగలేదు. దిగులుపడ్డ మనిషికి తన తెలివి తనకు అక్కరకు రాదు. కానీ ఆమె అది తనంతట తానే తెలుసుకుంది, ఎందుకంటే లేస్తూ, భిక్నూర్‌కు బండి కట్టమని మామకు చెప్పు అంది.

కోపం లేదనుకున్నాను. కోపం తర్వాత తెలిసింది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొట్టెల పండుగకు వెళ్తూ బండిలో పక్కనే కూర్చుని కూడా ఎద్దులతో మాట్లాడింది కానీ నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు, వడ్లు దంచుతూ, మధ్యలో ఆగి అంది.

"బూజు జంపినవని గాదు. ఎండలని చెప్పినవ్ జూడు, గది."

అంతే. మళ్లీ రోకలి ఎత్తింది. ఆ మాట నాకు ఈ వయసులో కూడా తగులుతూనే ఉంటుంది.

తర్వాత నాలుగో మడీ కుళ్లిపోయింది. కానీ దాని చివర, ఆముదం చెట్ల మొదట్లో, విత్తనం మిగిలితే పారేయలేక గుచ్చిన ముక్కలు కొన్ని ఉండేవి. అక్కడ కొత్త మన్ను వేయలేదు, ఆ ఏడు అక్కడ పార కూడా పెట్టలేదు. పాత మన్ను పాతగానే ఉంది. ఆ పదిహేనో ఇరవయ్యో మొక్కలు మాఘం దాకా కుళ్లకుండా నిలిచాయి. తవ్వినప్పుడు అత్తమ్మ ఒక మొక్కను మన్నుతో సహా ఎత్తి, వేళ్లను చుట్టుకున్న తెల్లటి పోగులు నాకు చూపించింది. ఊపిరి తగిలితే కదిలేంత సన్నటివి. చాటెడు దుంపలు వచ్చాయి. ఆ సంవత్సరం ఊళ్లో పెళ్లిళ్లకు నలుగు పసుపు బయటి నుంచి కొన్నారు. అత్తమ్మ చాటలో ఒక్క కొమ్ము కూడా ఎవరినీ ముట్టనివ్వలేదు.

నా జుట్టు నెరిసిపోయాక వ్యవసాయశాఖ మనిషి ఒకతను మా ఊరికి వచ్చాడు. సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. లోపల ఆకుపచ్చటి పొడి. దీన్ని మాగిన ఎరువులో కలిపి, తడిపి, నీడన గోనె కప్పి ఉంచితే బూజు పడుతుంది, అది పట్టాకే పొలంలో వేయాలి అని చెబుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతను ఓపికగా వివరించాడు. ఈ బూజు కుళ్లు తెచ్చే బూజును చుట్టుకుని తినేస్తుందట. వేళ్లను అంటిపెట్టుకుని బతికే పోగులు ఇంకో రకమట. అవి వేరు అందుకోలేని చోటి నుంచి సత్తువ తెచ్చిపెట్టి, చెట్టు దగ్గర కాస్త తీపి పుచ్చుకుంటాయట. ఇల్లు నిండా చుట్టాలుంటే దొంగకు దూరే చోటు ఉండదు, అలాగే మంచివి నిండిన వేరు దగ్గర కుళ్లుకు చోటు దొరకడం కష్టం. నీళ్లు నిలిస్తే మాత్రం ఏ బూజూ ఏమీ చేయలేదని కూడా అతనే అన్నాడు. మసిలే నీళ్లు పోస్తే ఏమవుతుంది బాబూ అని అడిగాను. మంచివీ చస్తాయి, తర్వాత ఆ ఖాళీ ఇంట్లోకి చెడ్డవే ముందు వస్తాయి అన్నాడు. అత్తమ్మ అప్పటికి లేదు. ఉంటే అతన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మొహరు వేసిన పొట్లంలోకి నా మన్ను ఎప్పుడు దూరింది అన్నా అని అడిగి ఉండేది.

చాటెడు దుంపలతో ఒక మడి కూడా నిండదు. అయినా ఆ మరుసటి చైత్రం దాటాక అత్తమ్మతో పాటు నేనూ అడవికి నడిచాను. ఏ ఆకు కింద పోగులుంటాయో, ఎంత లోతు గీకాలో చూపించింది. మన్ను తెచ్చి పంచలో పోశాం కానీ కలపలేదు. ఎందుకు ఆగిందో నాకు అర్థం కాలేదు, అడిగితే ఊకో అంది.

వారం తర్వాత నేను బయట కూర్చున్నాను. కుప్పకు ఎంత దూరం జరగగలనో అంత దూరం జరిగి, గోడకు ఆనుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. తెలిసిన తర్వాత కూడా భయం పోలేదు. పొద్దున్నే అత్తమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, దేవుడికి దీపం పెట్టి, పంచలోకి వచ్చింది. ఎరువు గంప తెచ్చి నా ముందు పెట్టింది. తానూ నాకు ఎదురుగా నేల మీద కూర్చుంది. మడి బట్టతో అంత దగ్గర కూర్చుంటే నేను వెనక్కి జరగబోయాను, గోడ అడ్డమైంది.

"నీ చేత్తోని కలుపు" అంది.

నా చేయి కదల్లేదు. ఆమె ముందుకు వంగి నా మణికట్టు పట్టుకుంది. కాపురానికి వచ్చాక ఆ మూడు రోజుల్లో నన్ను ఇంకొక మనిషి ముట్టుకోవడం అదే మొదలు. నా చేతిని మన్నులోకి మోచేతి దాకా దించి, తన చేయి తీయకుండా, పిండి కలిపినట్టు కలిపించింది. మన్ను చల్లగా ఉంది. ఇద్దరి చేతులకూ ఒకటే మన్ను అంటింది. ఆమె కడుక్కోవడానికి లేవలేదు.